ఆటల బడిలో ఒక పూట: తిరుపతిలో మా అబ్బాయి వెళ్ళే కిండర్‌గార్టెన్ గురించి

మా అబ్బాయిని గత జూన్‌లో, వాడికి మూడేళ్ళ ఎనిమిది నెలలు నిండినప్పుడు, తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డుకు కొంచెం లోపలగా ఒక పాత మిద్దె ఇంట్లో నడుస్తున్న ఆటల బడిలో చేర్చాము. ఇప్పటికి పది నెలలు గడిచాయి. ఈ బడివారు ఏడాదిలో రెండుసార్లు తల్లినో తండ్రినో పిలిచి, బడి తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఒక మూలన కూర్చుని చూసుకొమ్మంటారు. ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి సెలవు పెట్టుకుని నేనే వెళ్ళాను. పిల్లలను ఎక్కడ చేర్పించాలా అని ఇప్పుడు వెతుకుతున్న ఇళ్ళవారికి పనికొస్తుందని, ఆ రెండు పూటల్లో కంటితో చూసినదీ, పది నెలల్లో తెలిసివచ్చినదీ రాస్తున్నాను. మెచ్చుకోవలసినవాటితో పాటు నచ్చనివీ ఉన్నాయి కనుక బడి పేరు చెప్పడం లేదు.

అంతకుముందు ఆరు నెలలు వాడు మరో బడికి వెళ్ళాడు. అక్కడి బోర్డు మీద కూడా ఆటపాటల బడి అనే రాసి ఉండేది. అయితే చేరిన నెలలోనే వాడి సంచిలోకి నాలుగు గీతల పుస్తకం వచ్చింది. రోజూ రెండు పేజీలు ఇంట్లో రాయించి పంపమనేవారు. వాడు పెన్సిలును పిడికిలితో పట్టుకుని, ఒక వరుస పూర్తయ్యేలోపే చేయి నొప్పి పుడుతోందని ఏడ్చేవాడు. "పసిబిడ్డను అట్ల సతాయించొద్దమ్మా" అని మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పినా, తోటి పిల్లల కంటే వెనకబడిపోతాడేమోనన్న భయంతో నేను వినలేదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయనీ, బిడ్డ పుట్టినప్పుడు అవన్నీ మెత్తని మృదులాస్థిగానే ఉండి ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయనీ, వాటిలో చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికే ఎనిమిదేళ్ళు దాటుతాయనీ ఆ తరువాతే తెలుసుకున్నాను. పెన్సిలును పిడికిలితో పట్టే వయసులో చేతికి కావలసింది మట్టి పిసకడం, తడిగుడ్డ పిండడం, పూసలు గుచ్చడం. ఆ చేతిని పట్టుకుని బలవంతంగా రాయించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తిరుపతిలో ఇప్పుడు ఏ పేటకు వెళ్ళినా ఒక ప్లే స్కూలు బోర్డు కనిపిస్తుంది. ఆ మాటకు వెనక ఉన్న ఆలోచన చాలా పాతది. జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల బడి పెట్టి, పలకకు బదులు చెక్క దిమ్మలూ నూలు బంతులూ వాళ్ళ చేతికిచ్చాడు. 1840లో ఆ బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తు అనుకుంటే, 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా లెక్కించి, ఆ దశలో చదువు ఆట ద్వారానే సాగాలని చెప్పడం మరో ఎత్తు. దాని వెంట 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకాలే నిర్ణయించవద్దని స్పష్టంగా చెప్పింది. ఇంత తేటగా చెప్పి ఉన్నా, బోర్డు మీద ఆట రాసి లోపల రాత నడిపే బడులకు కొదవ లేదు. అందుకని ఈసారి బడి వెతికేటప్పుడు బొమ్మలెన్ని ఉన్నాయి, గోడలకు ఏ రంగు వేశారు అన్నవి పక్కనపెట్టి, ఒక్క విషయమే గట్టిగా అడిగాను: పూటలో ఎంతసేపు పిల్లలు ఎవరూ అడ్డురాకుండా, తమకు తోచిన ఆట తాము ఆడుకుంటారు? నాలుగు చోట్ల దీనికి సరైన జవాబు రాలేదు. ఇక్కడి పెద్ద టీచరు మాత్రం "తొమ్మిదింపావు నుంచి పదిన్నర దాకా మేము గంట కొట్టము" అని చెప్పారు.

ఆ మాట నిజమేనని రెండు పూటలూ చూశాను.

తొమ్మిది గంటలకు గేటు తీస్తారు. ఆటోల్లో, స్కూటర్ల మీద, కొందరు అవ్వల చేయి పట్టుకుని వస్తారు. మొత్తం ఇరవై రెండు మంది పిల్లలు. ఇద్దరు మిస్‌లు, ఒక ఆయమ్మ. చెప్పులు ఎవరివి వారే విప్పి, గోడ పక్కన నేల మీద గీసిన పాదాల గుర్తుల మీద పెడతారు. ఎడమదీ కుడిదీ తారుమారైతే ఎవరూ సరిచేయరు, ఇంటికి వెళ్ళేటప్పుడు తొడుక్కుంటే పిల్లలకే తెలుస్తుందని వాళ్ళ అభిప్రాయం. ఏడుస్తూ వచ్చిన బిడ్డ ఎదుట మిస్ నేల మీద కూర్చుని, ముందు ఆ ఏడుపును పూర్తి కానిస్తుంది. "ఏడవకూడదు, అన్నయ్యలు నవ్వుతారు" లాంటి మాట రెండు పూటల్లో ఒక్కసారీ నా చెవిన పడలేదు.

హాలులో నాలుగు మూలలున్నాయి. ఒక మూల వెడల్పాటి నీళ్ళ తొట్టి, దాని పక్కన గరాటు, చెంబులు, చిల్లులున్న డబ్బాలు. రెండో మూల చెక్క దిమ్మలు, వాటితో పాటు ఏటికొప్పాక లక్క బొంగరాలూ ఒకదానిమీద ఒకటి పేర్చే చక్రాలూ. మూడో మూల గుజ్జనగూళ్ళకు మట్టి పొయ్యి, చిన్న చట్టి, తెడ్డు, పాత చీరల ముక్కలు. నాలుగోది పుస్తకాల మూల. వీటిలో ఖరీదైనవి ఆ లక్క బొమ్మలు, చెక్క దిమ్మలే. మిగిలినవన్నీ ఏ ఇంట్లోనైనా దొరికేవి, బడ్జెట్ లేదని చెప్పే బడులకు ఈ గదిని చూపించాలని నాకు అనిపించింది.

ఫిబ్రవరిలో నేను వెళ్ళిన రోజు గంటకు పైగా ఒకే ఆట నడిచింది. ఒక పాప కుర్చీలను రెండేసి చొప్పున వరుసగా పెట్టి, అది కొండకు వెళ్ళే బస్సని ప్రకటించింది. స్టీలు పళ్ళెం చేతబట్టి తానే డ్రైవరుగా కూర్చుంది. ఇంకో బాబు వేపాకులు తెంపి తెచ్చి టికెట్లు ఇచ్చాడు, ఆకు లేనివాళ్ళను ఎక్కనివ్వలేదు. తలుపు దగ్గర అలిపిరి వచ్చింది. అక్కడ నిలబడ్డ ఇద్దరు బస్సును ఆపి, అందరినీ దింపి, చీరముక్కలతో చేసిన మూటలను విప్పి చూసి పంపించారు. ఘాటు రోడ్డు మలుపుల దగ్గర కూర్చున్నవాళ్ళందరూ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరిగారు. వెనక సీటులోని పాప "నాకు వాంతి వస్తా ఉంది" అనగానే పక్కనున్న పిల్లవాడు ఒక చెక్క దిమ్మను ఆమె ముక్కు దగ్గర పెట్టి "నిమ్మకాయ, వాసన చూడు" అన్నాడు. మన ఊరి పిల్లలకు ఇంటినుంచి, వీధినుంచి ఎంత తెలుసో, ఎవరూ నేర్పకుండా ఆ తెలిసినదాన్ని ఎంత వివరంగా పేర్చుకుంటారో ఆ ఆటలో చూశాను.

కొండ మీద లడ్డూల కౌంటరు పెట్టారు. తడిమట్టితో ఉండలు చేసి ఆకుల మీద పెట్టారు, మొత్తం పది అయ్యాయి. బస్సులో వచ్చినవాళ్ళు ఏడుగురు. కౌంటరులోని బాబు మనిషికి రెండని పంచుతూ పోయాడు; అయిదుగురికి ఇచ్చేసరికి ఆకులు ఖాళీ అయ్యాయి, ఇద్దరు చేతులు చాచి నిలబడ్డారు. "చాల్లేదు మిస్" అని వాడు తిరిగి చూశాడు. నేనైతే ఇంకో నాలుగు చేయమని వెంటనే చెప్పేసి ఉండేదాన్ని. మిస్ "ఇప్పుడెట్లా మరి?" అని మాత్రం అడిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. వాడు కాసేపు ఆలోచించి, మిగిలిన ఇద్దరి ఎదుటా ఖాళీ ఆకులు పరిచి, ఒక్కొక్క ఆకు మీద వేలితో రెండుచోట్ల పొడిచి "ఈమెకు ఇది, ఇది. వీడికి ఇది, ఇది" అన్నాడు. తరువాత మట్టి తెచ్చుకుని సరిగ్గా నాలుగు ఉండలు చేశాడు. వాడికి నాలుగు అనే అంకె రాయడం రాదు. ఒక వస్తువుకు ఒక చోటు అని జోడించి చూసుకోవడం లెక్కకు మొదటి మెట్టు, అది వాడికి చేతుల్లోకి వచ్చేసింది. ఈ మొత్తానికి మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది, అంతసేపూ ఎవరూ తొందరపెట్టకపోవడమే ఈ బడిలో నేను ఫీజు కడుతున్న వస్తువు.

ఇక్కడే మా అబ్బాయి సంగతి చెప్పాలి. ఆగస్టులో నేను వెళ్ళినప్పుడు వాడు ఆ గంటంబావు సేపూ దిమ్మల మూల దగ్గర గోడకు ఆనుకుని నిలబడి, మిగతావాళ్ళను చూస్తూనే ఉన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. వెళ్ళి వాడి చేయిపట్టి ఆటలో కూర్చోబెట్టబోతే పెద్ద టీచరు వారించారు. పిల్లల ఆటను గమనించిన మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే ఒంటరిగా ఆడటం, పక్కనుండి చూడటం, పక్కపక్కన విడివిడిగా ఆడటం, కలిసి ఆడటం అని రకాలు చెప్పిందనీ, చూడటం కూడా అందులో ఒకటేననీ, వాడు ఊరకే నిలబడలేదనీ నాకు నచ్చజెప్పారు. తన నోటుపుస్తకం తీసి చూపించారు: ఏ తేదీన వాడు ఎవరి ఆట చూశాడు, ఎంత దగ్గరగా నిలబడ్డాడు, ఏ రోజు ఒక దిమ్మ అందించాడు అని పొడి మాటల్లో రాసి ఉంది. మార్కుల కార్డుకు బదులు మూడు నెలలకొకసారి మాకు వచ్చేది ఆ నోటుపుస్తకంలోని సంగతులే. ఫిబ్రవరి ఆటలో, బస్సు తిరుగు ప్రయాణానికి అదే తలుపువైపు తిప్పబోతుంటే, మూడో వరుసలో కూర్చున్న మా వాడు లేచి "ఇట్ల కాదు, దిగేటప్పుడు వేరే దారి" అన్నాడు. తిరుమలకు ఎక్కే ఘాటు రోడ్డు వేరు, దిగేది వేరు. వాడు తాతతో పోయినప్పుడు గమనించినట్టున్నాడు. డ్రైవరు పాప ఒక్క క్షణం వాడి ముఖం చూసి, కుర్చీలన్నీ కిటికీ వైపు తిప్పించింది. ఆరు నెలలు గోడకు ఆనుకుని చూసిన బిడ్డ మాటను బస్సులోని వాళ్ళందరూ పాటించడం చూసి నా కళ్ళు చెమర్చాయి.

పదిన్నరకు చిరుతిండి. డబ్బా ఇంటి నుంచే పంపాలి, ప్యాకెట్ బిస్కెట్లు, చిప్స్ పంపకూడదు. శుక్రవారం బడిలోనే బొరుగుల ఉండలో, రాగి లడ్డూలో పెడతారు. గొంతుకు అడ్డం పడతాయని శెనక్కాయలను పప్పుగా ఎప్పుడూ ఇవ్వరు, పొడి చేసి కలుపుతారు. ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. చేతులు కడుక్కోవడం, నేల మీద ఒలికినవి తుడవడం, డబ్బా మూత పెట్టుకోవడం పిల్లల పనే. ఆలస్యం అవుతుంది, అయినా ఆయమ్మ తొందరపడి తానే తుడిచేయదు.

తరువాత అందరూ గుండ్రంగా కూర్చునే సమయం, ఒక కథ, రెండు పాటలు. పదకొండున్నర నుంచి పెరడు. అక్కడ వేపచెట్టు, ఇసుక గుంట, వేలాడదీసిన టైరు, వామనగుంటలకు చింతగింజల డబ్బా ఉన్నాయి. పన్నెండున్నరకు ఇళ్ళకు పంపుతారు.

భాష విషయంలో ఈ బడి కొంత మెరుగు, కొంత వెనకబాటు. మన జిల్లాల్లో ఇళ్ళలో తెలుగుతో పాటు తమిళం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయమ్మకు తమిళం రావడం వల్ల కొత్తగా చేరిన ఒక పాప మొదటి వారంలోనే కుదురుకుంది. ఆడేటప్పుడు ఏ భాషలో మాట్లాడినా అడ్డు చెప్పరు. అయితే గుండ్రంగా కూర్చున్నప్పుడు పాడించే పాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషువే. మంచు కురిసే ఊళ్ళ పాటలు పాడే పిల్లలకు మన చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు పెరట్లో ఆయమ్మ చొరవ వల్లే దొరుకుతున్నాయి. తల్లిదండ్రులే ఇంగ్లీషు అడుగుతున్నారని టీచర్లు అంటారు. అది నిజమే కావచ్చు, కాని అడిగినవాళ్ళకు నచ్చజెప్పవలసిన పని బడిదే. పుస్తకాల మూలలో తెలుగు పుస్తకాలను నేను లెక్కపెట్టాను, పదకొండు ఉన్నాయి, అందులో మూడింటికి అట్టలు లేవు. నాలుగేళ్ళ బిడ్డ ఒకే కథను ముప్పైసార్లు చదివించుకుంటాడు కనుక అవి నలగడం సహజమే, ఏటా కొత్తవి కొనకపోవడం మాత్రం లోపం.

అంతకంటే పెద్ద ఇబ్బంది వానలకాలంలో వచ్చింది. మన తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లోనే కురుస్తాయి. 2021 నవంబరు వరదలను చూసిన ఊరు ఇది. ఆ నెలల్లో పెరడంతా నీళ్ళు నిలిచి, దాదాపు రెండు వారాలు పిల్లలు హాలు దాటలేదు. అందులో మూడు రోజులు టీవీ పెట్టి పాటలు చూపించారని మా వాడి మాటల్లో బయటపడింది. నేను వెళ్ళి అడిగితే పెద్ద టీచరు దాచలేదు, ఒక మిస్ జ్వరంతో సెలవు పెట్టడంతో ఇరవై రెండు మందిని ఒక్కరే పట్టలేక అలా చేశామని ఒప్పుకున్నారు. తరువాత వరండాకు టార్పాలిన్ కట్టించి నీళ్ళ తొట్టిని అక్కడికి మార్చారు. అడిగితే వినే బడి అయినందుకు సంతోషమే, కాని ఒక మనిషి రాకపోతే పూట మొత్తం కూలబడటం మామూలు విషయం కాదు. రెండో ఆయమ్మను పెట్టడం అవసరమని నేను రాతపూర్వకంగా కూడా ఇచ్చాను, ఇంకా పెట్టలేదు.

మరో రెండు విషయాలు మార్చుకుంటే బాగుంటుంది. మొదటిది వార్షికోత్సవం. జనవరిలో పన్నెండు రోజుల పాటు ఆ అమూల్యమైన గంటంబావులో సగం డాన్సు ప్రాక్టీసుకు పోయింది. వరుసలో నిలబడి ఒకే అడుగు వేయమంటే మా వాడు రాత్రుళ్ళు నిద్రలో కలవరించాడు. మూడు నిమిషాల వేదిక కోసం అంత సమయాన్ని పిల్లల దగ్గర తీసుకోవడం, మిగతా రోజుల్లో ఈ బడి పాటించే పద్ధతికే విరుద్ధం. రెండోది ఫోటోలు. రోజూ వాట్సాప్ గుంపులో ఫోటోలు పంపుతారు, అవి చూడటం నాకూ ఇష్టమే. అయితే బస్సు ఆట మధ్యలో మిస్ ఫోను ఎత్తగానే నలుగురు పిల్లలు ఆట వదిలి ఆమె వైపు తిరిగి నవ్వు ముఖం పెట్టడం నేను చూశాను. ఆ తరువాత తిరిగి బస్సులోకి రావడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది. తల్లిదండ్రులం మనమే రోజూ ఫోటో అడగడం మానితే ఇది చాలావరకు తగ్గుతుంది. నేను మా ఇంటికి వద్దని చెప్పేశాను.

ఫీజు ఏడాదికి రూ. 42,000, మూడు విడతల్లో కట్టవచ్చు. బండి సదుపాయం లేదు, ఆటో మనమే చూసుకోవాలి. ఇద్దరూ సాయంత్రం దాకా ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో, పన్నెండున్నరకు బిడ్డను తెచ్చుకోవడానికి పెద్దవాళ్ళు లేకపోతే ఇక్కడ కష్టం. మాకు అత్తగారు ఉన్నారు కనుక సాగుతోంది. ఒకటో తరగతిలో చేరేటప్పుడు రాత పరీక్ష పెట్టే బడినే ఎంచుకోవాలని నిర్ణయించుకున్నవారికి కూడా ఈ బడి సరిపడదు, వాళ్ళు మధ్యలో ఆందోళనపడి బిడ్డను మార్చేస్తారు. ఈ ఏడాది అలా ఇద్దరు వెళ్ళిపోయారు. మా వాడి చదువు ఎంతవరకు వచ్చిందని బంధువులు అడుగుతుంటారు. వాడు తన పేరులోని అక్షరాలు గుర్తుపడతాడు, రోడ్డు మీద ఆర్టీసీ బస్సు పలకలో "తి" చూపించి చదువుతాడు, కథ మధ్యలో ఆపితే తరువాత ఏమవుతుందో తనే చెబుతాడు. పెన్సిలు ఇప్పుడు మూడు వేళ్ళతో పట్టుకుంటున్నాడు, ఎవరూ చెప్పలేదు.

చేర్పించే ముందు ఒక పూట కూర్చుని చూడటానికి ఒప్పుకుంటారా అని ఏ బడినైనా అడగండి. ఒప్పుకుంటే తొమ్మిదిన్నరకు వెళ్ళండి, పెద్దల గొంతు ఎంతసేపు వినిపిస్తోంది, పిల్లల గొంతు ఎంతసేపు వినిపిస్తోంది గమనించండి. ఏదైనా తగవు వచ్చినప్పుడు మిస్ ఏం చేస్తోందో తప్పక చూడండి. ఇక్కడ నేను చూసిన తగవు ఎర్ర తోపుడుబండి కోసం. ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే మిస్ బండిని లాక్కోలేదు, దాని మీద చేయి వేసి కదలకుండా పట్టుకుని, "నీకెందుకు కావాలి? నీకెందుకు?" అని ఇద్దరినీ అడిగింది. ఒకడికి ఇసుక మోయాలి, ఇంకొకడికి చెల్లెలిని ఎక్కించాలి. చివరికి చెల్లెలి ఒళ్ళో ఇసుక డబ్బా పెట్టి ఇద్దరూ కలిసి తోసుకుపోయారు.

వచ్చే జూన్‌కు మొదటి విడత ఫీజు కట్టేశాము. దానితో పాటు ఒక అట్టపెట్టెలో పద్నాలుగు తెలుగు కథల పుస్తకాలు, వానలకాలానికి ఒక రెయిన్‌కోటు కూడా ఇచ్చి వచ్చాను.